ఫోన్లో చెప్పని మాట

పావనీ, తప్పులుంటే ఏమీ అనుకోవద్దమ్మా. నువ్వు పరుగుకు పోయినప్పటి నుంచి కూర్చుంటే ఇంతే రాయగలిగినా.

గిన్నెలో సంగటి ఉండాది, పక్కన చెనక్కాయల ఊరిబిండి. ఉప్పేసిన వేడినీళ్ళలో కాళ్ళు పెట్టుకో, బొటనవేలి గోరు నల్లబడింది. నేను బొమ్మసంద్రకు మీ పిన్ని ఇంటికి పోతున్నా, సాయంత్రం వస్తా.

మీ నాయన కన్నుమూసిన ఆసుపత్రి వాచ్‌మన్ నిన్న కె.ఆర్.పురం సంతలో పలకరించినాడు. "మీ పాప రోజూ పొద్దున పరిగెత్తుకుంటా వచ్చి, గేటు ముట్టి, గడియారం చూసుకొని బస్సెక్కుతాది. ఎందుకమ్మా?" అన్నాడు. క్యాలెండర్‌లో నువ్వు రాసే నిమిషాలు అప్పుడు అర్థమైనాయి. ఆయన పోయిన రోజు నీ స్కూటీ రెండు గంటలు ట్రాఫిక్‌లో ఇరుక్కుంది. పరిగెత్తి ఉంటే నాయనను ప్రాణంతో చూసేదాన్నని లెక్కేస్తున్నావు.

చూసేదానివి కాదు. "సీరియస్‌గా ఉండాది, తొందరగా రా" అని నేను ఫోన్ చేసేటప్పటికే ఆయన పోయి పావుగంట అయింది. బండి మీద వచ్చే బిడ్డకు మన ఇళ్ళలో ఎవరైనా అట్లే చెప్తారు. వచ్చినాక నిజం చెప్దామనుకొని ఏడు నెలలు నోరు మూసుకున్నా. పొద్దున నీ బూట్లు మెట్లు దిగుతుంటే, నేను ఆ ఫోన్ మళ్ళీ చేస్తున్నట్టే ఉంటాది.

రేపు చెరువు వైపు పరిగెత్తు తల్లీ. ఆ గేటు లోపల నీకోసం ఎదురు చూసింది నేనొక్కదాన్నే.

నాకు అక్షరాలు నేర్పేటప్పుడు ప్రతి పేజీ కింద నువ్వు రాయించినట్టే రాస్తున్నా.

సొన్నమ్మ, అరవై రెండేండ్లు, ఇప్పుడు కుందలహళ్ళిలో నీ దగ్గర.