నా నడవడికి నీ జామీను

ఖాసిం భాయ్,

పోలీసు చర్య అయి ఏడాది నిండింది. మౌలాలిలో నీ ఇంటికి వేసిన తాళం అలాగే ఉంది. నువ్వు కనబడకపోయేసరికి రజాకారువే అయి ఉంటావని మన దఫ్తరులో తేల్చేశారు.

యూనివర్సిటీలో ఇప్పుడు ప్రతి గుమాస్తా పక్క బల్లవాడి నడవడి గురించి రహస్యంగా రాసివ్వాలి. ఎవరూ కలిసి చాయ్ తాగడం లేదు. ఎవరి కలం కదిలినా నా గురించేననిపిస్తోంది.

ఇవాళ కొత్తగా వచ్చిన పెద్ద గుమాస్తా నా పాత ఫైలు తెరిచాడు. నన్ను కొలువులో పెట్టుకున్ననాడు, "ఇతని నడవడికి నేను జామీను" అని నువ్వు రాసిన కాగితం పైనే ఉంది.

"ఈ ఖాసిం నీకెట్ల ఎరుక?" అన్నాడు.

"ఎరుక లేదు సార్. ఎవరు సంతకం పెడ్తే వాళ్లది తెచ్చుకున్న."

నీ కాగితం నా ముందే చింపేశాడు. సాయంత్రానికి కొత్తది ఇచ్చారు, భాయ్. నా నడవడి మంచిదట.