తొమ్మిదో విడతలో ప్రెంటిస్

లోర్నా వదినకు నమస్కారములు.

ఆదివారం, అసలు ఆటగాళ్లను విడతకొకరి చొప్పున ఏరుకుని కాగితం మీద జట్లు కట్టే మన ఫాంటసీ ఫుట్‌బాల్ ఎంపికకు, మీవారు ఆర్విల్ పోయాక ఖాళీ అయిన కుర్చీలో మీరు కూర్చుంటున్నారని విని సంతోషించాను. "చొక్కా రంగు చూసి ఏరుకుంటావేంటి వదినా?" అంటూ తోటి పోటీదారు డ్వేన్ చేసే వేళాకోళం పట్టించుకోకండి. పోటీలో ఆఖరున నిలిచినవారు కుర్చీ వదులుకోవాలన్న నియమమే మీ భయమని రాశారు.

ఒకరు తీసుకున్న ఆటగాడు మరొకరికి దక్కడు కాబట్టి, తొలి విడతల్లో అందరూ పేరున్నవాళ్ల కోసమే ఎగబడతారు. మీరు పత్రికలో వచ్చే ర్యాంకుల జాబితా ప్రకారం తీసుకోండి. ప్రెంటిస్ అనే ఆటగాణ్ని మాత్రం గుర్తుంచుకోండి. నిరుడు మోకాలి గాయంతో ఆగిపోయాడని అందరూ అతన్ని మరిచారు. ముప్పై ఏళ్లుగా మోకాళ్లకు వైద్యం చేస్తున్నాను. మొన్న టీవీలో చూశాను, అతని పరుగులో ఇప్పుడు ఏ తడబాటూ లేదు. తొమ్మిదో విడతలో అతని పేరు చెప్పండి.

ఆ విడతలో నా వంతు మీకన్నా ముందే వస్తుంది. నేను వేరొకరి పేరు చెబుతాను. డ్వేన్ నన్ను ముసలి మతిమరుపువాడని నవ్వితే నవ్వనివ్వండి.

ఇట్లు,
ఆర్విల్ పాత ప్రత్యర్థి