మూడు గిటార్లు, అమ్మ చెవి

జాక్సన్ అన్నయ్యకు,

ప్రభువు నామంలో వందనాలు. ఈ కింద రాయబోయే ఘోరాలకు నీకూ, నీ ఓడకూ, దాని కెప్టెన్ గారికీ, మిమ్మల్నందర్నీ మోస్తున్న మహాసముద్రానికీ మోకాళ్లూని క్షమాపణ వేడుకుంటున్నాను. ఘోరాలేమీ లేవు. ఉత్తరం గంభీరంగా మొదలవ్వాలని రాశానంతే.

ఇక్కడ అమ్మా నేనూ బాగున్నాం. సీతమ్మధారలో అమ్మ కుడికంటికి శుక్లం ఆపరేషన్ సుఖంగా జరిగింది. డాక్టరు కదలొద్దన్నారని, బాగున్న రెండో కన్ను కూడా మూసుకుని పడుకుని, ఇంటిని చెవులతో పాలిస్తోంది. ఫోన్ ఆమె దిండు పక్కనే ఉంటుంది. అందుకే ఈ ఉత్తరం, నీ ఓడ ఎక్కబోతున్న గవర్రాజు గారి సంచిలో రొయ్యల పచ్చడి డబ్బా కింద ప్రయాణం చేస్తోంది.

పోయిన ఉత్తరంలో రెండు ప్రశ్నలు అడిగావు. ఇంట్లో ఉన్న నీ గిటారుకు, నొక్కితే స్వరం కిందికి జారే ఆ ఇనుప చెయ్యి, అదే వామీ బార్, సింగపూర్‌లో కొత్తది కొంటే ఏ రకం కొనాలి? నీ కాంట్రాక్టు పొడిగించారనీ, క్రిస్మస్‌కు రావనీ అమ్మకు చెప్పానా? మొదటిదే తేలిక కనక ముందు దాని సంగతి చూద్దాం.

మూడు గిటార్లు తెచ్చి, అమ్మ మంచం పక్కనే కూర్చుని, నువ్వు వాయించే పాటే మూడింటి మీదా వాయించాను. చివరి స్వరం దగ్గర నీలాగే బార్ నొక్కి వదిలాను.

మొదటిది నా నేస్తం నాగవంశీది. తీగలకు రెండు చివర్లా తాళాలు. బార్‌ని ఎంత అణగదొక్కినా, వదలగానే తీగ బుద్ధిగా తన చోటుకే వస్తుంది. శ్రుతి వెంట్రుకవాసి తప్పదు. చేతికి మాత్రం లారీ గేరు మార్చినట్టుంటుంది.

"ఎవుర్రా వాయిస్తన్నది? రేడియోలాగ బాగుంది," అంది అమ్మ.

"నానేనమ్మా."

"నువ్వా? సాల్లే."

రెండోది చర్చిలోని పాతది. పొడుగాటి ఇనుప చెయ్యి, తీగల కొసలు గుండ్రటి కడ్డీకి చుట్టి ఉంటాయి. ఉయ్యాల ఊపినంత హాయి. శ్రుతీ ఫరవాలేదు. కానీ ఎంత నొక్కినా చిన్న వణుకే తప్ప స్వరం కిందికి దిగదు.

"సలేస్తందేట్రా దానికి?" అంది అమ్మ.

శ్రుతికి అది, హాయికి ఇది. నాకు మతి పోయింది. నాగవంశీని అడిగితే, "బావా, బార్ ఊడదీసి బీరువాలో పెట్టెయ్. ఏ గొడవా ఉండదు," అన్నాడు. అదీ నిజమేననిపించింది. అన్నీ నిజమేననిపిస్తున్నాయి.

ఆఖరికి నీది తీశాను. వెనక స్ప్రింగులు ఉప్పుగాలికి తుప్పు పట్టాయి. అయినా వేలు ఆనిస్తే చాలు, పలుకుతుంది. వదిలాకే తంటా. తీగ పూర్తిగా వెనక్కి రాదు. అలిగిన చుట్టంలా గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. పాట చివరి స్వరం రవ్వంత కిందే నిలిచిపోయింది. ఇది దండగ, మార్చెయ్యమని నీకు రాసెయ్యాలనుకున్నాను.

కునుకు తీస్తున్న అమ్మ కళ్లు తెరవకుండానే తల ఎత్తింది.

"జాక్సన్! ఒచ్చేసేవేట్రా?"

ఇప్పుడు చెప్పు. శ్రుతి తప్పనిది బిగిస్తే అమ్మ నిన్ను దేన్నిబట్టి పోల్చుకుంటుంది? తప్పేదే ఉంచితే చర్చిలో నీ పరువేం కాను? కొనమననూ లేను, వద్దననూ లేను.

ఇక రెండో ప్రశ్న. చెప్పలేదన్నయ్యా. చెప్పడానికి అంతకన్నా మంచి అదను దొరకదని తెలుసు. చెబుదామనే నోరు తెరిచాను.

"ఆ, ఒచ్చేనమ్మా, పడుకో," అన్నాను. నీ గొంతుతో.

ఇట్లు,
అమ్మ లేచేదాకా ఇంట్లో ఇద్దరు కొడుకులుగా ఉంటున్న
నీ తమ్ముడు ఆరోన్