పెద్దవాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకోవాలి

టీచరమ్మగారికి,

మీ బడిలో చదివే పిట్ట వాళ్ళ అమ్మమ్మ, అంటే మార్కెట్టు వెనక సందులో కుట్టుమిషను పెట్టుకున్న మనిషి, దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ ఇద్దరం ఉన్నాం. బాగున్నామని రాయాలి కాబట్టి బాగున్నాం. మీరూ బాగున్నారనుకుంటాను.

సెలవులకి మీరు పంపిన గుడ్డసంచీ అందింది. పైన కాగితం మీద ‘వేసవిలో చేతులతో నేర్చుకునే పనులు’ అని ఉంటే, రెండు పాటలో నాలుగు అక్షరాలో ఉంటాయి కాబోలనుకున్నాను. తీరా చూస్తే జగ్గులోంచి గ్లాసులోకి నీళ్ళు పోయడం, బల్ల కడగడం, బూట్లకి పాలిష్ వేయడం, అరటిపండు ముక్కలు కోయడం! ఏమమ్మా, నాలుగున్నరేళ్ళ పిల్లకి చదువు చెప్పండని పంపితే పనిమనిషి ఉద్యోగానికి తయారుచేస్తున్నారా? ఈ మాత్రానికి బడి ఎందుకు, నా కొంగు పట్టుకుని తిరిగితే చాలదూ?

సరే, చూసింది చూసినట్టు వారం వారం రాయమన్నారు, రాస్తున్నాను. సంచీలో ఒక కొయ్య చట్రం ఉంది. దానికి రెండు గుడ్డముక్కలు బిగించి, మధ్యలో అయిదు గుండీలు పెట్టి, కలపకుండా వదిలేశారు. ఎవరు కుట్టారోగానీ చేతకాని మనిషి. కాజాలు చూస్తే ఎలకలు కొరికాయేమో అనిపించింది. నలభై ఏళ్ళుగా ఇదే పని చేస్తున్నదాన్ని, చూస్తూ చూస్తూ ఎలా ఊరుకోను? చట్రం మిషను కింద పట్టలేదు. అందుకని మేకులు పీకించి, గుడ్డలు బయటికి తీసి, రెండూ కలిపి డబుల్ కుట్టు వేసి, మళ్ళీ మేకులు కొట్టించాను. ఇక జన్మలో ఊడదు. గుండీలతో పని లేదు కాబట్టి కోసి కవర్లో పెట్టాను, పోలేదు.

ఉంటాను,
మిషను అమ్మమ్మ

తా.క.: పిట్ట వాళ్ళమ్మ పోయిన సంగతి మీకు తెలుసు. పిల్లకి తెలియదు. ఉద్యోగం ట్రైనింగ్‌కి వేరే ఊరు వెళ్ళిందని చెప్పాను. బడి తెరిచాక మీరూ అదే మాట అనండి. ఇద్దరి మాటా ఒకటి కాకపోతే పిల్ల పట్టేస్తుంది.

*

అమ్మమ్మగారికి నమస్కారం.

మీ ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. రెండోసారి కూర్చుని చదివాను.

ఆ చట్రం కుట్టడం మరిచిపోయింది కాదండీ. పిల్లలు గుండీలు పెట్టడం, తీయడం నేర్చుకోవడానికే అలా చేశాం. దయచేసి కుట్లు విప్పి, గుండీలు మళ్ళీ పెట్టండి. పిట్ట గుండీ పెట్టలేక అరగంట తంటాలు పడినా పడనివ్వండి. ఆ తంటాలే దాని పాఠం. మా దగ్గర ఒకటే నియమం: పిల్ల పని చేస్తుంటే పెద్దవాళ్ళు చేతులు వెనక్కి పెట్టుకోవాలి. సాయం చేయొద్దు, తప్పని చెప్పొద్దు. ‘శభాష్’ అని మెచ్చుకోవడం కూడా వద్దు. తప్పు జరిగితే ఆ వస్తువే దానికి చెబుతుంది.

ఇక అసలు సంగతి. ట్రైనింగ్ మాట నేను అనలేనండీ. పిల్లలతో నిజం కానిది మేం చెప్పం. పన్నెండో తారీఖున బడి తెరుస్తాం. తోటి పిల్లల ఇళ్ళలో అందరికీ తెలుసు, ఎవరో ఒకరు ఆటలో అనేస్తారు. అలా వినకూడదు. ఈలోపల మీ నోటితో మీరే చెప్పండి.

నమస్కారాలతో,
పిట్ట టీచరు

తా.క.: ఆ చేతకాని మనిషిని నేనే. రెండు రాత్రులు పట్టింది.

*

టీచరమ్మగారికి దండాలు.

మీరు కుట్టారని తెలిస్తే ఎలకల మాట రాసేదాన్ని కాదు. కాజాలు కొత్తగా వేసి పెట్టాను, చూసి నేర్చుకోండి. ఏమీ అనుకోకండి, పని దగ్గర నాకు నోరాగదు.

మీ నియమం తు.చ. తప్పకుండా పాటిస్తున్నాను. మంగళవారం పిట్ట నీళ్ళు పోసింది. గ్లాసులో పడినవి సగం, నేలమీద పడినవి సగం, నా చెప్పులో పడినవి వేరే. నేను చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను. అదే సమయానికి కొలతలకని వచ్చిన బ్యాంకు ఆవిడ నన్ను చూసి, “ఏమైందండీ, మిమ్మల్ని ఎవరైనా పట్టుకెళ్తున్నారా?” అంది. పిల్ల తనే గుడ్డ తెచ్చుకుని నేలంతా తుడుచుకుంది. తుడిచాక మళ్ళీ పోసింది. తుడవడమే ఎక్కువ నచ్చినట్టుంది.

బుధవారం బూట్ల పాలిష్. మా ఇంట్లోవి రెండు జతలు అయ్యాక మెట్ల మీద ఉన్నవి కూడా తెచ్చుకుంది. పై వాటా మాస్టారివి తెల్లటి గుడ్డబూట్లు. సాయం వద్దన్నారు, తప్పని చెప్పొద్దన్నారు, వస్తువే చెబుతుందన్నారు. ఆ బూట్లు ఏమీ చెప్పలేదు. మాస్టారు మాత్రం చాలా చెప్పారు.

కొయ్య దిమ్మలో పది గుంటలు, పది బిళ్ళలు పంపారే, అవి ఒక్కోటి ఒక్కో లావు. దేని గుంటలో అదే పడుతుంది, వేరేదాంట్లో పట్టదు. పిట్ట ఒక పెద్ద బిళ్ళని చిన్న గుంటలో పెట్టి నెడుతూనే ఉంది. పెదాలు బిగబట్టి, కళ్ళల్లో నీళ్ళు తిరుగుతున్నాయి, నోరు మాత్రం తెరవదు. అచ్చం వాళ్ళమ్మే. చిన్నప్పుడు అదీ అంతే. నా వల్ల కాలేదమ్మా. దిమ్మని ఎదురు కొట్టు వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్ళి పది గుంటలూ ఒకే సైజు చేయించాను, బాగా పెద్దవిగా. ఇప్పుడు ఏ బిళ్ళ ఎక్కడ పెట్టినా పడుతుంది. రెండు నిమిషాల్లో అయిపోతోంది. పిల్ల ఇప్పుడు దాని జోలికి వెళ్ళడం మానేసింది, అంటే పూర్తిగా వచ్చేసినట్టే కదా?

మీరన్న రెండో సంగతి వచ్చేవారం చూద్దాం. పెళ్ళివారి బట్టలు మీద పడ్డాయి, ఊపిరాడటం లేదు.

మిషను అమ్మమ్మ

తా.క.: పిట్ట వాళ్ళమ్మ గురించి ఏమీ అడగదు. ట్రైనింగ్ మాట బాగా నమ్మింది.

*

అమ్మమ్మగారికి నమస్కారం.

దిమ్మ సంగతి చదివి కాసేపు కిటికీలోంచి బయటికి చూశాను. పూర్తిగా వచ్చేసి కాదండీ మానేసింది. అందులో ఇక చేయడానికి ఏమీ మిగల్లేదు కాబట్టి మానేసింది.

మీరు ప్రేమతోనే చేశారు. కానీ అమ్మమ్మగారూ, కోపం తెచ్చుకోకుండా వినండి. పిల్ల దారిలో కష్టం కనపడగానే మీరు దాన్ని వడ్రంగి దగ్గరికి పట్టుకెళ్తున్నారు. వాళ్ళమ్మ విషయంలోనూ అదే చేస్తున్నారు. అడగని పిల్ల నమ్మినట్టు కాదు.

చెప్పడం ఎలాగో తెలియడం లేదేమోనని మా పద్ధతి రాస్తున్నాను. పిల్లలకి ఏ మాటైనా మూడు మెట్లలో నేర్పుతాం. చాప పరిచి ఎదురుగా కూర్చోవాలి. మొదటి మెట్టు, ‘ఇది ఫలానా’ అని చెప్పడం. రెండోది, ‘ఫలానాది ఏదో చూపించు’ అనడం. మూడోది, వస్తువు చూపించి ‘ఇది ఏమిటి?’ అని అడగడం. ఎక్కువ మాటలు వద్దు. నిద్రపోయింది, చుక్కల్లోకి వెళ్ళింది లాంటివి వద్దు, నిద్రంటే భయపడతారు. అమ్మ చనిపోయింది. అంతే, ఒక్క మాట. తర్వాత అది ఏమడిగితే దానికి జవాబు.

పన్నెండో తారీఖు దగ్గర పడుతోంది.

పిట్ట టీచరు

తా.క.: మాస్టారికి నా క్షమాపణలు చెప్పండి. నల్ల బూట్లు అన్నిటికీ నప్పుతాయని కూడా చెప్పండి.

*

టీచరుగారికి,

ఈసారి క్షేమసమాచారాలు లేవు.

మీరు చెప్పినట్టే చాప పరిచాను. గురువారం, కొట్టు మూసి మరీ. పిట్టని ఎదురుగా కూర్చోబెట్టాను. మొదటి మెట్టు ఎక్కుదామని “పిట్టా, ఇదీ...” అన్నాను. చెయ్యి పక్కనున్న గుండీల డబ్బాలోకి పోయింది, ఒక గుండీ తగిలింది. “ఇది కోటు గుండీ” అన్నాను. పిల్ల ఊఁ అంది. ఇంకోటి తీసి “ఇది చొక్కా గుండీ” అన్నాను. అలా డబ్బా అంతా అయిపోయింది. ఇప్పుడు పిట్టకి పదకొండు రకాల గుండీలు తెలుసు. వాళ్ళమ్మ లేదని మాత్రం తెలియదు.

ఒక్క మాట అని రాశారు. మీకు ఒక్క మాటే. అది నా కడుపున పుట్టిన పిల్ల. పది రోజుల జ్వరంతో నా చేతుల్లోంచి వెళ్ళిపోయింది. ఆ మాట నేను ఇంతవరకూ ఎవరితోనూ అనలేదు, తెలుసా మీకు? డాక్టరు అన్నాడు, వచ్చినవాళ్ళు అన్నారు, నేను తలూపాను. అంతే. నేను అననంతవరకూ ఎక్కడో ఉన్నట్టే ఉంటుంది. ట్రైనింగ్ అని పిల్లకి చెప్పినప్పుడల్లా నాకూ ఒక గంటసేపు ప్రాణం కుదుటపడుతుంది. దాన్ని కూడా లాక్కుంటారా?

పిట్ట ఇక మీ బడికి రాదు. పేరు కొట్టేయండి. నా మిషను పక్కనే కూర్చుంటుంది, నాకు వచ్చిందేదో నేర్పుకుంటాను. సంచీ కడిగి, ఇస్త్రీ చేసి పంపిస్తాను.

పిట్ట అమ్మమ్మ

తా.క.: నేను చేయించిన దిమ్మలో తప్పేం లేదు. వడ్రంగి కూడా బాగుందన్నాడు.

*

అమ్మమ్మగారికి,

పేరు కొట్టేయను. దాని ఏప్రన్ దాని కొక్కేనికే ఉంది, ఉంటుంది.

మీ ఉత్తరం చదివి ఏడ్చాను. నేను తొందరపెట్టాను. పిల్లలకి ఓపికపట్టడం నేర్చుకున్నానుగానీ పెద్దవాళ్ళకి ఓపికపట్టడం నాకింకా రాలేదు. పన్నెండో తారీఖు అన్నది మరిచిపోండి. మీరు ఎప్పుడు తీసుకొస్తే అప్పుడే.

పోయిన ఉత్తరంలో ఒక ముఖ్యమైన సంగతి రాయడం మరిచాను. మూడో మెట్టు దగ్గర జవాబు రాకపోతే తప్పు అనం, మళ్ళీ అడగం, మొహం చిన్నబుచ్చుకోం. ‘ఇంకో రోజు చేద్దాం’ అని చాప మడిచేస్తాం. మర్నాడు మొదటి మెట్టు నుంచి మొదలు. పిట్టకి ఈ పద్ధతి బాగా తెలుసు. ఏడాదంతా చూసింది.

మీ
టీచరు

తా.క.: నాకు నాలుగు రకాల గుండీలే తెలుసు. మిగిలిన ఏడూ నేర్పుతారా?

*

టీచరమ్మా,

కోపంలో ఏదేదో రాశాను, మనసులో పెట్టుకోకు తల్లీ. నువ్వు అంటున్నాను, ఏమీ అనుకోకు. నా కూతురి కంటే నువ్వు చిన్నదానివే అయ్యుంటావు.

చూసింది చూసినట్టు రాయమన్నావుగా, రాస్తున్నాను. ఆదివారం పొద్దున్నే పిట్ట తనే చాప తెచ్చి పరిచింది. “అమ్మమ్మా, కూర్చో” అంది. పని ఉందే అంటే వినదు, చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. తర్వాత లోపలికి వెళ్ళి ట్రే పట్టుకొచ్చింది, రెండు చేతులతో, ఒలికిపోయేదేదో ఉన్నట్టు మెల్లిగా. అందులో వాళ్ళమ్మ దువ్వెన, వాళ్ళమ్మ కళ్ళజోడు, వాళ్ళమ్మ ఫోటో. నేను బీరువా అడుగున దాచినవి. ఎప్పుడు చూసిందో!

“ఇది అమ్మ దువ్వెన” అంది. “ఇది అమ్మ కళ్ళజోడు” అంది. ఫోటో నా ముందు పెట్టి, “ఇది అమ్మ. అమ్మ చనిపోయింది” అంది. మీరు బళ్ళో మాట్లాడతారు చూడు, అలా, నెమ్మదిగా, నా కళ్ళల్లోకి చూసి.

నేను లేవబోయాను. అది ఆగలేదు. “అమ్మ దువ్వెన చూపించు” అంది. చూపించాను. “అమ్మ కళ్ళజోడు చూపించు.” చూపించాను. అప్పుడు ఫోటో మీద వేలు పెట్టి, “అమ్మ ఏమైంది?” అని అడిగింది.

“ట్రైనింగ్‌కి వెళ్ళింది” అన్నానమ్మా. సిగ్గు లేకుండా మళ్ళీ అదే అన్నాను.

అది తప్పు అనలేదు. మొహం కూడా మార్చలేదు. ట్రే తీసి పక్కన పెట్టి, చాప చుట్టి, నా మోకాలి మీద తట్టి, “పర్వాలేదు అమ్మమ్మా, ఇంకో రోజు చేద్దాం” అంది.

సోమవారం మళ్ళీ చాప. మళ్ళీ అదే. నేను అదే అన్నాను. చాప చుట్టింది. మంగళవారం నాకు ఏడుపొచ్చి మధ్యలో లేచిపోయాను, అది చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. ఆ రోజే అడిగాను, “నీకెవరు చెప్పారే?” అని. “అందరూ చెప్పారు కదా అమ్మమ్మా” అంది. “బట్టలు తెచ్చినవాళ్ళు అందరూ నీకు చెప్తారు కదా, నీ కూతురు పోయిందట కదా అని. నేను మిషను కిందే ఉన్నా. నువ్వే వినలేదు.” నాకు ఇంకా తెలియదనుకుంది, టీచరమ్మా! అందరూ చెబుతున్నా ఈ అమ్మమ్మకి ఎక్కడం లేదు, మెల్లిగా నేర్పాలి అనుకుంది. ఇన్ని నెలలూ నేను దానికి చెప్పలేక చస్తుంటే, అది నాకు చెప్పడానికి దారి వెతుక్కుంటోంది.

నిన్న, బుధవారం, నాలుగోసారి అడిగింది. “అమ్మ ఏమైంది?”

“చనిపోయింది” అన్నాను. “నా కూతురు చనిపోయింది పిట్టా.”

శభాష్ అనలేదు. నా జవాబు సరిగ్గా ఉందో లేదో అన్నట్టు కాసేపు నా మొహంలోకి చూసింది. ఆ తర్వాత ఏడ్చింది. వాళ్ళమ్మ పోయినప్పటినుంచి ఆ పిల్ల కంట్లోంచి చుక్క రాలలేదు, ఏమీ తెలియదులే అనుకున్నాను. ముందు నాకు రావాలని ఆగిందమ్మా. ఒక్కతే ఎలా ఏడుస్తుంది? ఇద్దరం ఆ చాప మీదే కూర్చుని మధ్యాహ్నం దాకా ఏడ్చాం. ఇద్దరు ముగ్గురు వచ్చి తలుపు కొట్టి వెళ్ళిపోయారు.

తర్వాత ఆకలేస్తోందంది. అరటిపండు తనే కోసి నాకు సగం పెట్టింది.

ఇట్లు,
నీ బడిలో కొత్తగా చేరిన అమ్మమ్మ

తా.క.: పన్నెండో తారీఖునే తీసుకొస్తాను. పెద్దవాళ్ళని లోపలికి రానివ్వరని తెలుసు. ఆ ఒక్కరోజు గేటు దగ్గర కాసేపు నిలబడనివ్వు. ఏడవకుండా వెళ్ళిపోతానని పిట్టకి మాటిచ్చాను. అది నమ్మలేదు. రుమాలు నా దగ్గర కాదు, తన జేబులో పెట్టుకుని వస్తానంటోంది, నాకు ఎక్కడ పెట్టానో గుర్తుండదట.