మన వరస హ్యాండిళ్లు

రాజన్నా,

నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. భేస్తాన్‌లో మన మరమగ్గాల కార్ఖానా కప్పు నిండా సోలార్ పలకలు పరిచి, కింద బ్యాటరీలు పెట్టారు. నిన్ను దగ్గించి దగ్గించి చంపిన డీజిల్ జనరేటర్‌ను పొద్దున్నే లారీలో తీసుకుపోయారు. ఇక పొగ లేదు. నువ్వుంటే ముందు ఆ గోడ మీది మసి కడిగేవాడివి.

కరెంటు పోగానే నువ్వు వరసంతా తిరిగి మా సాంచాల హ్యాండిళ్లు పక్కకు లాగి మగ్గాలు బందు పెట్టేవాడివి. కరెంటొస్తే మగ్గం దానంతటదే కదిలి చేతులు నలుగుతాయని నీ భయం. ఆ తొందరలో నీ సాంచా మాత్రం మరిచిపోయేవాడివి. దాన్ని నేను లాగేవాణ్ని. నువ్వు పోయాక ఎవరూ లాగడం లేదు. జనరేటర్ గురగుర వినగానే చేతులు తీసేసేవాళ్లం.

మధ్యాహ్నం కరెంటు పోయింది. పాత ధీమాతోనే, తెగిన పోగు కట్టడానికి సాంచాలో చెయ్యి పెట్టాను. బ్యాటరీ చప్పుడు చేయదు కదా. ముడి పడేలోపే అవతలి వరసల సాంచాలన్నీ ఒక్కసారిగా మోగాయి. మన వరస కదల్లేదు. చూస్తే నా హ్యాండిల్ పక్కకు లాగి ఉంది.

"నా హ్యాండిల్ నువ్వు గుంజినవా?" అని పక్కనున్న లచ్చయ్యను అడిగాను.

"నేనేడ గుంజిన? ఈడికెల్లి జరగనే లేదు," అన్నాడు. తనది చూసుకుని, "అరే, నాది గూడ బందున్నది," అన్నాడు.

అందరివీ అలాగే ఉన్నాయి. వరస చివర, ఏడాదిగా ఎవరూ ముట్టని నీ సాంచా ఒక్కటే పోగు లేకుండా ఆడుతోంది.

వెళ్లి దాని హ్యాండిల్ లాగి వచ్చాను.

నీ
నర్సయ్య