రెండో పేజీ

ఫిబ్రవరి 6, 2005. ఆదివారం

ఇంట్లోకి రెండో కంప్యూటర్ వచ్చింది. మనవడు కోటేష్ డిగ్రీ అయిపోయి ఏడాది. ఉద్యోగం రాలేదు, కంప్యూటర్ వచ్చింది. నాది విండోస్ 98, వాడిది ఎక్స్‌పీ. ప్రింటర్ మాత్రం నాదే. దాని లావు వైరు కొత్తదాని వెనుక ఎక్కడా పట్టదట. అందుకని ప్రింటర్ నా గదిలోనే ఉంటదట, వాడు వాడి గదిలోంచి వాడుకుంటడట. నీలం కేబుల్ వెంటిలేటర్‌లోంచి దూర్చిండు. రెండు కంప్యూటర్లు ఒకదాన్నొకటి గుర్తుపట్టాలంటే వర్క్‌గ్రూప్ పేరు ఒకటే ఉండాలన్నడు. తండా అని పెట్టిండు. తండా విడిచి ఇల్లందు కాలనీకి వచ్చి ముప్ఫై ఏండ్లాయె. వైరు పట్టుకొని వెనకాలే వచ్చింది.

ఒక షరతు. నా డబ్బా ఆన్‌లో ఉంటేనే వాడి ప్రింట్ వస్తది. ముప్ఫై ఒక్క ఏండ్లు పాఠాలు చెప్పి రిటైరయిన. ఇప్పుడు వాచ్‌మన్ డ్యూటీ.

ఫిబ్రవరి 8

లాల్‌సింగ్ కూడా నేర్చుకుంటున్నడు. నా కొడుకు. నలభై ఏడేండ్లు, అందులో పాతికేండ్లు బొగ్గు బాయిలో. ఒక్క వేలితో టైపు చేస్తడు, కోడి గింజలు ఏరినట్టు. నేను పోతే స్క్రీన్ మూసేసిండు. ఏంది రా అంటే, ఏం లేదమ్మా, ప్రాక్టీస్ అన్నడు. ఆ మూడు మాటలకు రెండుసార్లు ఊపిరి తీసుకున్నడు. పొట్ట తగ్గించమన్న.

మా తండా మాటలో అమ్మను యాడీ అంటరు. స్కూల్లో వాడికి నేనే టీచర్ని. తోటి పిల్లలు నవ్వుతరని చిన్నప్పుడే ఆ పిలుపు మాన్పించిన. అప్పటి నుంచి అమ్మా అనే అంటడు.

రాత్రంతా కుర్చీలోనే కూచుని నిద్రపోతున్నడని కోడలు పుష్ప చెప్పింది. టీవీ తగ్గించమను అన్న.

ఫిబ్రవరి 11, ఉదయం 6.10

కంప్యూటర్ ఆన్ చేసి చాయ్‌కి లేచిన. ప్రింటర్ దానంతటదే కదిలింది. నేను ఏదీ నొక్కలేదు. కిర్రుమని ఒక కాగితం మింగి, ఇవతల కక్కింది. నిన్న నా డబ్బా బంద్ ఉన్నప్పుడు పంపినదట. నేను తలుపు తీసేదాక లైన్లో నిలబడ్డదట. కోటేష్ నిద్రమొఖంతో వివరించిండు.

అది ఇంగ్లీషు అప్లికేషన్. మేనేజర్ గారికి, లేట్ లచ్చిరాం కొడుకు లాల్‌సింగ్ రాయునది. ఇక బాయి దిగలేను. మెడికల్ బోర్డుకు పంపి అన్‌ఫిట్ చేయగలరు. నా కొడుకు కోటేష్‌కు నౌకరి ఇప్పించగలరు. కింద ఒక వాక్యం మధ్యలోనే ఆగింది. ట్రేలో కాగితాలు అయిపోయినయి. నిన్న తండా ముసలమ్మల పాటలు ప్రింట్ చేసి నేనే ఒడగొట్టిన. మిగతాది చదవాల్సిన పని లేదు. కంప్యూటర్ బంద్ చేసిన.

అన్‌ఫిట్! పక్క క్వార్టర్ సమ్మయ్య మూడేండ్ల కింద అన్‌ఫిట్ అయిండు. ఆ నౌకరి కొడుకుకు వచ్చి వాడు బాయి దిగుతున్నడు, తండ్రి రోజూ వాలీబాల్ ఆడుతున్నడు. ఆ అన్‌ఫిట్ మనిషి స్మాష్ కొడితే మా గోడ అదురుతది.

7.00

ఎర్రపెన్నుతో దిద్దిన. పదకొండు తప్పులు. కింద రిమార్కు: ఏడో తరగతిలో కాపీ కొట్టినందుకు నిన్ను నేనే ఫెయిల్ చేసిన. ఇప్పుడు మళ్లీ చేస్తున్న.

సాయంత్రం

షిఫ్ట్ నుంచి రాంగనే కాగితం చేతిల పెట్టిన. సమ్మయ్య జట్టులో చేరుతవా, బంతి కొనియ్యాల్నా అని అడిగిన. కోటేష్ నాకేం తెల్వదు నానమ్మా అని తండ్రి మొఖం చూసిండు. పుష్ప అత్తమ్మా, జర ఆగుండ్రి అన్నది. లాల్‌సింగ్ కళ్లతోనే ఆమెను ఆపిండు. కాగితం తిరగేసి చూసిండు, ఇది ఒక్కటే వచ్చిందా అన్నడు. ఒక్కటి చాలదా అన్న. అవ్ అమ్మా, గదే, తప్పే అన్నడు.

నవ్విండు కూడా. సిగ్గులేనోడు.

ఫిబ్రవరి 12

వాడు షిఫ్ట్ నుంచి వస్తే నేను నా గదిలోకి పోయి తలుపేసుకున్న.

ఫిబ్రవరి 13

సమ్మయ్య గోడ మీద నుంచి, లాల్‌సింగ్‌కు ఈ మధ్య నాలుగడుగులకే దమ్ము వస్తుందేంది టీచరమ్మా అన్నడు. నువ్వు ఆట నేర్పు, తగ్గుతది అన్న. ఆయన నవ్వలేదు.

ఫిబ్రవరి 15, మధ్యాహ్నం

కాగితాల కట్ట తెప్పించి ట్రేలో పెట్టిన. ఆన్ చేసిన. ప్రింటర్ మళ్లీ దానంతటదే. మొదటి పేజీయే మళ్లీ వచ్చింది, నా ఎర్రగీతలన్నీ కడుక్కొని. చింపబోయిన.

రెండోది వచ్చింది.

3.00

రాయాలె.

హైదరాబాద్ దవాఖానాలో చూపించుకున్నడట. బొగ్గు దుమ్ముతో ఊపిరితిత్తులు రెండూ గట్టిపడ్డయన్నరట. నయమయ్యేది కాదన్నరట. పడుకుంటే ఊపిరాడదు, కూచునే నిద్రపోతున్నానని రాసిండు. పెండ్లానికి తప్ప ఎవరికీ చెప్పలేదట. ఎక్స్‌రే జతపరుస్తడట.

చివర: దయచేసి ఉత్తరాలు ఇంటికి పంపవద్దు. మా అమ్మ చదువుకున్నది. ఇంటికి వచ్చే ప్రతి కాగితమూ చదువుతది.

చదివిన. ఒక్క పేజీ చదివి మార్కులేసిన. నా చేతిల ఒక్కటే కాగితం చూసి వాడు నవ్విండు. దొంగ అనిపించుకున్నడు గానీ రెండోది ఉందని చెప్పలేదు. పొట్ట అన్న. టీవీ అన్న. బంతి అన్న.

ఫిబ్రవరి 16

అప్లికేషన్ మళ్లీ నేను టైపు చేసిన. పదకొండు తప్పులు తీసేసిన. ఇంటికి పంపవద్దు అన్న లైను కూడా తీసేసి, ఉత్తరాలన్నీ తల్లి నిర్మలాదేవి, రిటైర్డ్ టీచర్, పేరు మీదనే పంపగలరు అని కొట్టిన.

కోటేష్ నౌకరి లైను దగ్గర ఆగిన. అదే బాయి. అదే దుమ్ము. ఉంచబుద్ధి కాలేదు, తీసే హక్కు నాకు లేదు. ఆ జాగా ఖాళీగా వదిలిన. తండ్రీకొడుకులు తేల్చుకోవాలె.

ఫిబ్రవరి 17

రెండు పేజీలూ ఒకేసారి వచ్చినయి. లాల్‌సింగ్ నా మంచం మీద కూచుని చదివిండు. ఖాళీ జాగా మీద వేలు పెట్టిండు. కోటేష్‌ను పిలిచిండు.

యాడీ, పెన్ను అన్నడు.

నా దగ్గర ఎర్రదే ఉంది.