రోస్కో పేరు కుట్టిన గుడ్డ

జార్జియా, 1945 జూన్

నా బంగారుతల్లి ఎర్నెస్టీన్‌కి అమ్మ దీవించి రాయునది. నేనూ మీ నాన్నా క్షేమమే. ఆయన నడుంనొప్పి తగ్గింది. ఆ చికాగో మాంసం ఫ్యాక్టరీ మంచుగదిలో చలికి వేళ్లు పగులుతున్నాయని రాశావు. పడుకోబోయే ముందు కాస్త పందికొవ్వు రాసుకో.

తమ్ముడి పేరు కోర్టు కచేరీ ముందు బోర్డు మీద ఎక్కించారా అని అడిగావు. ఎక్కించలేదు. యుద్ధంలో పోయిన తెల్లపిల్లల పేర్లన్నీ రాశారు. మన నల్లపిల్లల పేరు ఒక్కటీ లేదు. రోస్కోని ఇటలీకి తోలినప్పుడు వాడి రంగు ఎవరికీ అడ్డం రాలేదు. పోయాక పేరు రాయడానికి అడ్డం వచ్చింది.

మేయరు పెళ్లాం హాస్కెల్ దొరసాని బట్టలు వాడు పుట్టకముందు నుంచీ ఉతుకుతున్నా కదా, వెళ్లి అడిగాను.

"మీవాళ్లకి వేరే బోర్డు ఎప్పుడో పెడతార్లే లువీనియా, ఓపిక పట్టు," అంది.

"ఓపిక పడితే వాడు లేచొస్తాడా అమ్మా?"

"అబ్బో, నోరు బాగా లేచిందే! ముందు దీనికి గంజి పెట్టి ఇస్త్రీ చెయ్యి. బోర్డు తెరిచేదాకా పైన కప్పాలి," అని ఓ పెద్ద తెల్లగుడ్డ నా మీద పడేసింది.

ఇంతసేపూ దాచిన సంగతి ఇప్పుడు చెప్తా, తిట్టకు. ఏ ఇంటి బట్ట ఏదో తెలియడానికి అంచున ఎర్రదారంతో గుర్తు కుడతాం చూడు, ఆ దారమే తీశాను. గుడ్డ నిండా జానెడేసి అక్షరాలతో రోస్కో పేరు కుట్టాను. నా చదువు అంతంతమాత్రమే గానీ వాడి పేరులో తప్పు పోలేదు. కుట్టు లోపలికి మడిచి ఇచ్చేశాను.

తెరిచే రోజు ఊరంతా చేరాక, బాజాలు మోగుతుంటే, ముందు బోర్డుకి కప్పుదామని నిచ్చెనెక్కి మడత విప్పారు. బాజాలు ఆగిపోయాయి.

"ఎవరి పనిది?" అని దొరసాని అరిచింది.

"నాదేనమ్మా," అన్నాను, మనవాళ్లు నిలబడే ఆ చివర నుంచే. "గంజి పెట్టి, మీరు చెప్పినట్టే ఇస్త్రీ చేశాను."

దాన్ని పీకి నేలకేసి కొట్టారు. నేను వెళ్లి, దులిపి, భుజాన వేసుకుని వచ్చేశాను.

ఇప్పుడు ఏ తెల్లింటి నుంచీ బట్టలు రావట్లేదు. మన పాస్టరు వచ్చి, "వెళ్లి క్షమాపణ అడుగక్కా, చర్చి తగలబెడతారు," అన్నాడు. "నువ్వే అడుగయ్యా, నీ మోకాళ్లకి అలవాటేగా," అన్నాను. మీ నాన్న తుపాకి ఒళ్లో పెట్టుకుని గుమ్మంలో కూచుంటున్నాడు.

ఎప్పటిలాగే మొన్నటి ఉత్తరంలోనూ రైలెక్కి వచ్చెయ్యమన్నావు. రాను తల్లీ. నిన్న పక్కింటి కోరా దుప్పటి పట్టుకొచ్చింది. వాళ్ల పెద్దాడు ఫిలిప్పీన్స్‌లో పోయాడుగా.

"మావాడి పేరు నీలిదారంతో కుట్టు," అంది.

"ఎర్రదే ఉందే."

"ఎర్రదే కానియ్. ఇంకాస్త పెద్దగా కుట్టవే, రోడ్డు మీదికి కనపడాలి."

దొరల బట్టలు లేక ఆరేసే తాడు ఖాళీగా ఉంది. రెండు గుడ్డలూ పక్కపక్కన దానికే వేలాడేశాం. మేయరు కారు రోజూ ఈ దారినే పోవాలి.

ఇట్లు,
నిన్నూ వాణ్ణీ కన్న
మీ అమ్మ